కొంగన్న మెడ

మా ఎదురింటాయన్ని వీధంతా కొంగన్న అంటుంది. ఆయన టవర్ క్రేన్ నడుపుతాడు. ఇంగ్లీషులో క్రేన్ అంటే కొంగ అని కూడా అర్థం ఉందని బడికెళ్ళే పిల్ల ఎవరో కనిపెట్టింది. పొడుగాటి కాళ్ళూ పొడుగాటి మెడా ఆయనకు పుట్టుకతోనే ఉన్నాయి. ఇక పేరు అతుక్కుపోవడానికి ఎంతసేపు? ఆయన కోపగించుకోలేదు. "కాకి అనలేదు, అదే సంతోషం" అన్నాడు.

ఎత్తయిన భవనం ఎక్కడ లేస్తున్నా దాని పక్కన ఒక ఇనప స్తంభం, దాని నెత్తిన అడ్డంగా చాచిన పొడుగాటి చెయ్యి కనిపిస్తాయి కదా. ఆ రెండూ కలిసే చోట ఒక గది ఉంటుంది. కింద నుంచి చూస్తే అది అగ్గిపెట్టె. లోపల మాత్రం ఒక కుర్చీ, కుర్చీకి అటొకటి ఇటొకటి రెండు లివర్లు, గాలి ఎంత గట్టిగా వీస్తోందో చూపించే చిన్న తెర, కాళ్ళ కింద అద్దం. పొద్దున్నే స్తంభం లోపలి మెట్లెక్కి పైకి పోయాడంటే మళ్ళీ పొద్దు వాలాకే దిగడం. అన్నం డబ్బా, నీళ్ళ సీసా భుజాన సంచిలోనే వెళ్ళాలి. రోజంతా తల వంచి, ఆ అద్దంలోంచి కిందికి చూస్తూ, వేలాడే బరువును గోడ తగలకుండా, మనిషి తగలకుండా దించాలి. "నేల విడిచి సాము చెయ్యకూడదంటారు. మా ఆయన దానికే జీతం తీసుకుంటాడు" అని ఆయన భార్య నవ్వేది.

పైనున్నవాడికి కింద ఒక కన్ను కావాలి. ఆ కన్ను ఆయన బావమరిదే, భార్యకు స్వయానా తమ్ముడు. చేతిలో వాకీటాకీ పట్టుకుని, ఏ బరువు ఎక్కడికి పోవాలో, ఎక్కడ ఆగాలో చెప్తుంటాడు. వాకీటాకీలు లేని రోజుల్లో నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేసేవాడట. అందుకని సైటులో అతని పేరు ఈల. "కుడికి, బావా. ఇంకొంచెం. చాలు. ఇప్పుడు దించు, మెల్లగా, నిద్రపోయిన పిల్లని మంచం మీద పడుకోబెట్టినట్టు" అంటూ రోజంతా చెవిలో మాట్లాడతాడు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే మాత్రం ఇద్దరికీ మాటలే దొరకవు.

ఇరవై ఏళ్ళకు పైగా ఇలాగే గడిచింది. పెద్ద ప్రమాదం ఒక్కటీ లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఏదో పాత దెబ్బ కారణమని అందరం వెతికాం. దొరకలేదు.

ఆ రోజు గాలి కూడా లేదు. ఇనప చువ్వల కట్ట ఒకటి కొక్కేనికి తగిలించి పైకి లేపాడు. సగం దూరం వచ్చాక ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ముందు అది క్రేన్ మోటారు చప్పుడనుకున్నాడట. తర్వాత వేళ్ళ కొనలు తిమ్మిరెక్కాయి, పెదాలు మొద్దుబారాయి, గాలి పీలుస్తున్నా లోపలికి పోవడం లేదనిపించింది. ఒళ్ళంతా చెమట. ఇదే, అయిపోయింది, గుండె ఆగిపోతోంది అనుకున్నాడు.

"బావా, ఏంటి ఆగిపోయావ్?" అన్నాడు ఈల చెవిలో.

"ఏం లేదు."

"ఏం లేకపోతే తిప్పు. ఇక్కడ మేస్త్రీ ఎదురు చూస్తున్నాడు."

"తిప్పను. దించేస్తా. కింద మనుషుల్ని తప్పించు."

ఆ గొంతు విన్నాక ఈల ఇంకో ప్రశ్న వెయ్యలేదు. జనాన్ని పక్కకు తోలాడు. కట్ట మెల్లగా నేల మీదికి దిగింది. తాడు వదులైంది. కొంగన్న లివర్ల మీది నుంచి చేతులు తీసి, కుర్చీలోంచి జారి గది మూలకు ముడుచుకుపోయాడు. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు.

ఇక్కడ మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఈలకు ఎత్తంటే చచ్చేంత భయం. అంతకాలం క్రేన్ కిందే నిలబడ్డాడు గానీ ఒక్కసారి కూడా ఎక్కలేదు. బల్లెక్కి బల్బు మార్చమంటే భార్యను పిలిచేవాడు. ఆ రోజు మాత్రం సేఫ్టీ బెల్టు కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్కో మెట్టూ చేత్తో తడుముకుంటూ పైదాకా వెళ్ళాడు. బావ పక్కన కూలబడి, "నేనొచ్చా. ఇప్పుడు మనిద్దర్నీ ఎవడు దింపుతాడో నాకు తెలీదు" అన్నాడట. ఆ మాటకు కొంగన్నకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు కొంచెం ఊపిరీ వచ్చింది. చివరికి ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ దిగారు.

ఆసుపత్రిలో గుండెకు అన్ని పరీక్షలూ చేశారు. గుండె భేషుగ్గా ఉంది. తర్వాత ఆయన్ని ఇంకో గదికి పంపారు. అక్కడ కూర్చున్న డాక్టరమ్మ నెమ్మదిగా అన్నీ అడిగి, "ఇది ఆందోళన. ఒక్కసారిగా ఉప్పెనలా వస్తుంది, కాసేపటికి పోతుంది. ప్రాణం తీయదు గానీ ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. దీనికి వైద్యం ఉంది" అంది. చిన్న మాత్ర ఒకటి రాసింది. వారానికోసారి వచ్చి మాట్లాడి వెళ్ళమంది. కొన్నాళ్ళు పైకి ఎక్కొద్దంది.

కొంగన్నకు ఈ మాట మింగుడు పడలేదు. "గుండెజబ్బయినా బాగుండేది" అన్నాడు మా అరుగు మీద కూర్చుని. "నలుగురూ వచ్చి పలకరిస్తారు. భయం జబ్బంటే ఎవడొస్తాడు? క్రేన్ నడిపేవాడికి భయమేసిందంటే, ఈతగాడికి నీళ్ళంటే పడదన్నట్టే కదా!"

ఇంట్లో కూర్చున్నా నెమ్మది లేదు. తలుపు ఎవరు తట్టినా ఉలిక్కిపడేవాడు. భుజాలు రెండూ చెవుల దాకా లేచి అక్కడే ఉండిపోయాయి. నిద్రలో పళ్ళు పటపటా నూరుతున్నాడని భార్య చెప్పింది. డాక్టరమ్మ దగ్గర కూర్చుంటే నోట్లోంచి మాట ఊడిపడదు. ఎలా ఉందంటే బాగుందంటాడు. భయం ఎప్పుడొస్తుందంటే తెలీదంటాడు. ఇంకేమైనా చెప్తారా అంటే టైమైపోయిందా అని అడుగుతాడు.

మూడు నాలుగు సార్లు ఇలా జరిగాక డాక్టరమ్మ ఒకరోజు ఆయన మాటలు వదిలేసి ఆయన భుజాల వంక చూసింది. "మీ నోరు చెప్పనిది మీ ఒళ్ళు చెప్తోంది. కింద అంతస్తులో చేత్తో చేసే థెరపీ ఉంది. మెడా వీపూ చూసి, బిగుసుకున్నచోట చెయ్యి వేసి వదులు చేస్తారు. ఆందోళన ఉన్నవాళ్ళలో కొంతమందికి దానివల్ల కాస్త తెరిపిగా ఉంటుంది. అందరికీ కాదు. మందు బదులు కాదు, మందుతో పాటు. వెళ్ళి చూస్తారా?"

"నొక్కుతారా?"

"మీరు వద్దంటే నొక్కరు."

అలా కొంగన్న కింద అంతస్తుకు వెళ్ళాడు. ఆసుపత్రి బట్టలుతికే గది పక్కనే ఉంది అది. గోడకు ఆ పక్క యంత్రాలు తిరుగుతుంటే ఈ పక్క నేల సన్నగా అదురుతూ వెచ్చగా ఉండేది. సన్నటి మంచం, తల దగ్గర ముఖం పట్టేంత రంధ్రం, మడతపెట్టిన తువ్వాళ్ళ దొంతర, కిటికీకి లేత తెర. థెరపిస్టు యాభై దాటిన మనిషి. పొట్టి. చేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి తగిలించినట్టు వెడల్పుగా ఉన్నాయి.

"ఎక్కడ చెయ్యి వేస్తే మీకు ఇబ్బంది?" అని అడిగింది ముందుగా.

అంత వయసొచ్చినా కొంగన్నను ఎవరూ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. "డొక్కల్లో చక్కిలిగింతలండీ" అన్నాడు సిగ్గుపడుతూ.

"సరే, డొక్కల జోలికి పోను."

బోర్లా పడుకోమంది. ముఖం ఆ రంధ్రంలో పెట్టి కిందికి చూశాడు. కింద నేల కనిపించింది. అంతే, గుండె మళ్ళీ దడదడ. క్యాబిన్‌లో అద్దంలోంచి చూసినట్టే ఉంది! గబుక్కున లేచి కూర్చున్నాడు. చెమటలు పట్టాయి. ఇక ఈమె కూడా నవ్వుతుందనుకున్నాడు.

ఆమె నవ్వలేదు. తువ్వాలు అందించింది. "నాదే పొరపాటు. మీ పని ఏంటో ముందు అడగాల్సింది" అని, ఆయన ఊపిరి కుదుటపడేదాకా పక్కనే స్టూలు మీద కూర్చుంది. తర్వాత ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, తల దగ్గర కూర్చుని, రెండు అరచేతులూ తల కింద పెట్టింది.

"తల నాకివ్వండి."

"ఇచ్చాను కదండీ."

"ఇవ్వలేదు. మీరే మోస్తున్నారు. నా చేతుల్లో బరువు లేదు."

"మరి ఎలా ఇవ్వాలి?"

"ఏమీ చెయ్యకుండా ఇవ్వాలి."

కొంగన్న ప్రయత్నించాడు. ప్రయత్నించిన కొద్దీ మెడ ఇంకా బిగిసింది. ఆ రోజు మొత్తం అదే పని. ఆమె చేతులు అక్కడే, ఆయన తల ఆయన దగ్గరే. లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మీ టైమంతా దండగ చేశాను" అన్నాడు.

"దండగేం లేదు. మీరు తల దించుకోవడం తప్ప దింపుకోవడం ఎరగరని తెలిసింది కదా" అందామె.

ఇంటికి రాగానే భార్య గుమ్మంలోనే పట్టుకుంది. ఆమె మొక్కల నర్సరీలో పని చేస్తుంది. ఊరి చివర కాస్త మెరక మీద ఉంటుంది ఆ నర్సరీ. అప్పుడే వచ్చినట్టుంది, గోళ్ళలో మట్టి అలాగే ఉంది.

"ఏం చేసిందేంటి ఆవిడ?"

"తల పట్టుకుంది."

"ఎంతసేపు?"

"చాలాసేపు."

"నీతో వేగలేక నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ తల పట్టుకునే కూర్చున్నా. నాకెవరూ థెరపిస్టు అని బోర్డు పెట్టలేదే!"

ఆయన నవ్వాడు గానీ, ఆమె మాటలో సగమే హాస్యం. ఎవరో పరాయి ఆడమనిషి తన భర్త మెడ మీద చెయ్యి వేసి కూర్చోవడం ఆమెకు నచ్చలేదు. పోనీ ఆపమందామంటే, ఆ రెండో వారం తర్వాత ఆయన పళ్ళు నూరడం తగ్గింది. మింగలేక కక్కలేక కొన్నాళ్ళు ఊరుకుంది.

తగ్గడం కూడా చెప్పుకోదగ్గట్టు ఏమీ లేదు. ఒక వారం బాగుంటే ఇంకో వారం మామూలే. ఒకసారి రద్దీ బజార్లో మళ్ళీ ఆ ఉప్పెన వచ్చి, కూరల సంచి అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాడు. "ఇది పనిచెయ్యట్లేదండీ" అని థెరపిస్టుతో అనేశాడు. ఆమె బుకాయించలేదు. "పనిచెయ్యకపోవచ్చు. ఇంకొన్నిసార్లు చూద్దాం. అప్పటికీ ఏమీ లేకపోతే నేనే డాక్టరమ్మకు చెప్తాను" అంది. ఆ మాటతోనే ఆమె మీద ఆయనకు నమ్మకం కలిగిందట.

తర్వాత ఒక రోజు ఆమె అరచేతులు తల కింద పెట్టి ఊరికే కూర్చుంది. గోడ అవతల బట్టల యంత్రం తిరుగుతోంది. కొంగన్న దాని చప్పుడు వింటూ ఇంట్లో కుళాయి కారుతోందని, వాషర్ మార్చాలని ఆలోచిస్తున్నాడు. ఎప్పుడో తెలియదు, తల బరువు దానంతటదే ఆమె చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఆయనే కాసేపటికి గమనించాడు. బరువు నేలను తాకినప్పుడు పైన తాడు ఎలా వదులవుతుందో అలా అనిపించిందట. ఆ పోలిక ఆయనదే. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఏడుపు కాదంటాడు. "బిగించిన కుళాయి వదిలితే కారదూ? అదే" అంటాడు.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గర మొదటిసారి నోరు విప్పాడు. కట్ట వేలాడుతుండగా తను చచ్చిపోతే కింద ఎవరి నెత్తిన పడుతుందోనన్న ఆలోచన తనను వదలట్లేదని చెప్పాడు. అసలు తన చావు గురించి అంత భయం లేదు, తన చేతులు మొద్దుబారిపోతే అన్నదే భయం. ఆమె విని, దాన్ని పట్టుకుని మెల్లమెల్లగా మాట్లాడించింది. "ఇదంతా ఎందుకొచ్చిందండీ?" అని అడిగితే, "కారణం ఒక్కటే ఉండాలని లేదు. కొన్నిటికి వెతుకుతూ కూర్చుంటే ఆ వెతకడమే జబ్బవుతుంది" అంది.

ఈలోగా భార్య ఓపిక అయిపోయింది. "ఈసారి నేనూ వస్తా" అంది. "నీ మెడలు వంచే మనిషిని నేనూ చూడాలి కదా." వెళ్ళి గోడ పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. చూస్తే ఏముంది? ఒక పొట్టి మనిషి, ఒక పొడుగు మనిషి తల పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. కాసేపటికి భార్యకు విసుగొచ్చింది.

థెరపిస్టు అది కనిపెట్టి, "మీరు ఇలా రండి. ఇంట్లో మీరు కూడా చెయ్యొచ్చు, చూపిస్తాను" అంది. తన పక్కన నిలబెట్టి, భర్త పుర్రె కింద, మెడ మొదలయ్యే చోట వేళ్ళు ఎలా ఆనించాలో చూపించింది. "నొక్కొద్దు. ఊరికే అక్కడ ఉండండి." భార్య చేతులు పెట్టింది. థెరపిస్టు చూపు మాత్రం ఆమె చేతుల మీద లేదు, ఆమె భుజాల మీద ఉంది.

"మీకు మెడ నొప్పి ఎప్పట్నుంచి?"

"నాకా? నాకేం నొప్పి? రోగం ఆయనది."

"ఆయన లేచాక మీరు ఒకసారి పడుకుంటారా? ఇష్టమైతేనే."

ఇష్టం లేదనడానికి మొహమాటపడి ఆమె పడుకుంది. కొంగన్న ఆమె కుర్చీలో కూర్చుని చొక్కా తొడుక్కుంటున్నాడు. థెరపిస్టు ఆమె మెడ వెనక చెయ్యి పెట్టి, "మీ ఆయన మెడ కిందికి చూసి చూసి బిగిసింది. మీది పైకి చూసి చూసి బిగిసినట్టుంది. మీరు ఏం పని చేస్తారు?" అంది.

"మొక్కల పని. వంగి చేసేదే. పైకి చూసేదేం..." అని ఆమె ఆగిపోయింది.

కొంగన్న గుండీ పెట్టుకోవడం ఆపాడు.

"మా నర్సరీ మెరక మీద ఉంటుందండీ" అంది ఆమె చివరికి, కప్పు వంక చూస్తూ. "అక్కడ్నుంచి ఈయన ఏ సైటులో ఉన్నా క్రేన్ కనిపిస్తుంది. నీళ్ళు పోస్తూ చూస్తా. మట్టి కలుపుతూ చూస్తా. కొక్కెం కదులుతుంటే పని చేస్తున్నాడని. ఆగిపోతే అన్నం తింటున్నాడేమో అనుకుంటా. అన్నం టైము కాకపోతే... గాలొచ్చిందంటే ఇక నా చేతిలో పనే సాగదు. ఆ రోజు మధ్యాహ్నం కూడా చూస్తూనే ఉన్నా. కొక్కెం కిందికి దిగింది, మళ్ళీ లేవలేదు. తమ్ముడు ఫోన్ చేసేదాకా నేను ఎలా ఉన్నానో నాకే తెలీదు."

"నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాడు కొంగన్న.

"ఏమని చెప్పను? పైకెక్కేవాడికి నాకు భయమేస్తోందని చెప్తే కాళ్ళు వణకవూ?"

థెరపిస్టు చేతులు కదలలేదు. "ఇప్పుడు పైన ఎవరూ లేరు. ఆయన ఇక్కడే కుర్చీలో ఉన్నారు" అంది, అంతే. భార్య కళ్ళు మూసుకుంది. కాసేపటికి సన్నగా గురక మొదలైంది. కొంగన్న సిగ్గుతో చచ్చిపోయి లేపబోతే థెరపిస్టు వేలితో వద్దని సైగ చేసింది.

ఆ తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళేవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు. ఆమె కూడా డాక్టరమ్మ దగ్గర కూర్చుని మాట్లాడింది. మాత్రలు అక్కర్లేదన్నారు. మా వీధిలో ఒకావిడ, "ఆవిడ హస్తవాసి మంచిదట కదా, నా మోకాళ్ళకి కూడా చూపించుకోనా?" అని అడిగితే, కొంగన్న ఆ మాట తీసుకెళ్ళి థెరపిస్టుకు చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "హస్తవాసీ లేదు, ఏమీ లేదు. మందుంది, డాక్టరమ్మ మాటలున్నాయి, మీ ఇద్దరూ ఉన్నారు. ఒళ్ళు కాస్త వదులైతే మిగతావి లోపలికి దిగుతాయి. నేను చేసేది అంతవరకే."

మళ్ళీ పైకి ఎక్కే రోజు వచ్చింది. డాక్టరమ్మ సరేనంది, కంపెనీ వాళ్ళూ పరీక్షలు చేయించి సరేనన్నారు. మొదట్లో పని లేదు, ఇంకో డ్రైవర్ నడుపుతుంటే పక్కన ఊరికే కూర్చుని దిగడం. ఆ పైన తేలిక బరువులు. ఆ తర్వాత మామూలు పని. ప్రతిసారీ ఎక్కేముందు భార్యకు ఫోన్ చేసి ఎక్కుతున్నానని, దిగాక దిగానని చెప్పేవాడు. మధ్యలో అన్నం తింటున్నప్పుడు కూడా. "ఇప్పుడు కొక్కెం ఆగుతుంది, కంగారుపడకు, పప్పు కలుపుకుంటున్నా" అనేవాడు. ఆమె, "సరే, నాకు పనుంది" అని పెట్టేసేది.

అది మళ్ళీ రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం కాంక్రీటు తొట్టి కొక్కేనికి ఉండగా వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"వచ్చింది" అన్నాడు వాకీటాకీలో.

"ఏది, బావా?"

"అదే."

ఈల స్తంభం పైదాకా ఒకసారి చూశాడు. "మళ్ళీ ఎక్కమంటావా ఏంటి? నాకు ఇంటి దగ్గర పిల్లలున్నారు!"

"ఎక్కొద్దు. కింద జనాన్ని తప్పించు. తొట్టి దించేస్తా. తర్వాత నువ్వేం మాట్లాడకు. ఊరికే అక్కడ ఉండు."

తొట్టి దిగింది. ఈల మాట్లాడలేదు. అతని జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలట. కొంగన్న పాదాలు రెండూ గది అడుగుకు గట్టిగా ఆనించి, కుడిచెయ్యి మెడ వెనక వేసుకుని, తలను సీటు వెనక్కి ఆన్చి దాని బరువు దానికి వదిలేశాడు. ఊపిరి బయటికి మెల్లగా వదిలాడు. గుండె కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకోనీ అనుకున్నాడు. చెమట పట్టింది. పట్టనీ అనుకున్నాడు. కింద మేస్త్రీ టీ చల్లారిపోతోందని గొణుగుతున్నాడు. కొంతసేపటికి ఉప్పెన వచ్చినట్టే వెనక్కి పోయింది. దిగి, నీళ్ళు తాగి, ఆ పూటకు ఇంటికెళ్ళాడు. మర్నాడు మళ్ళీ ఎక్కాడు.

ఆ భవనం పూర్తయ్యేలోగా థెరపిస్టు వేరే ఊరికి బదిలీ అయిపోయింది. ఆఖరి రోజు భార్య నర్సరీ నుంచి చిన్న మల్లెమొక్క పట్టుకెళ్ళింది. కుండీ చేతిలో పెడుతూ, "మొదట్లో మిమ్మల్ని మనసులో చాలా తిట్టుకున్నానండీ" అంది. "తెలుసు. మీ మెడ చెప్పింది" అందామె.

ఆమె స్థానంలో ఒక కుర్రాడొచ్చాడు. కండలు తిరిగిన మనిషి. "మేడం కంటే గట్టిగా చేస్తానండీ, చూడండి" అంటూ చెయ్యి వెయ్యడమే ఆలస్యం, నోరు మొదలుపెట్టాడు. బండి కొన్న కథ, బండి అమ్మిన కథ, మళ్ళీ కొన్న కథ. కొంగన్న రెండుసార్లు వెళ్ళి మానేశాడు. "మంచి కుర్రాడే. చెయ్యి నా వీపు మీద, మనసు బండి మీద" అన్నాడు నాతో. అప్పటికే అంత అవసరమూ తగ్గింది. మాత్ర కూడా డాక్టరమ్మ మెల్లగా తగ్గించి ఆపేసింది. ఆమె దగ్గరికి నెలకోసారి వెళ్ళి వస్తుంటాడు. ఇప్పుడు ఆయన మాటలకే టైము చాలదంటుందట.

ఈమధ్య ఆయన సరుకుల గిడ్డంగిలో క్రేన్‌కు మారాడు. రెండంతస్తుల ఎత్తు, అంతే. భయపడి కాదు, మోకాళ్ళ నొప్పులని చెప్తాడు. భయం వల్ల కూడా కాస్త అని నాతో ఒకసారి తనే అన్నాడు. అందులో సిగ్గుపడటానికేముంది అని కూడా తనే అన్నాడు. ఈల కూడా వెంటే వెళ్ళాడు. భార్య మాత్రం నర్సరీలో నీళ్ళు పోస్తూ ఇంకా పైకి చూస్తూనే ఉంటుంది. ఇప్పుడు అక్కడ్నుంచి కనిపించే క్రేన్‌లో ఉన్నది ఎవరో ఆమెకు తెలియదు. "ఎవరి మనిషో ఒకరి మనిషి కదా" అంటుంది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ కావాల్సి వచ్చి వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. చాప మీద భార్య నిద్రపోతోంది. కొంగన్న ఆమె తల దగ్గర గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఆమె మెడ కింద పెట్టి కూర్చున్నాడు. ఆయన ముక్కు మీద ఈగ వాలి ఉంది. తోలడానికి చెయ్యి ఖాళీ లేదు. ముక్కు అటూ ఇటూ కదిలిస్తున్నాడు, అది పోవడం లేదు. నన్ను చూసి కళ్ళతోనే ఈగ వంక చూపించాడు. నేను మెల్లగా లోపలికి వెళ్ళి దాన్ని తోలేసి, అల్మారాలో స్క్రూడ్రైవర్ తీసుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.